ఎడమ సీటుకు మెమరీ: హైదరాబాదు పాతబస్తీలో కారు సీటు అమరిక

కారులో ఒక మనిషి తన ఒడ్డూ పొడుగుకు తగ్గట్టు సర్దుకున్న సీటు స్థానాన్ని గుర్తుపెట్టుకుని, మీట నొక్కితే సీటును మళ్లీ అదే స్థానానికి చేర్చే ఏర్పాటును మెమరీ సీటు అంటారు. సీటు ఎంత ముందుకుంది, ఎంత ఎత్తులో ఉంది, వీపు ఆనే భాగం ఎంత వాలింది అన్న కొలతలను సీటు కింద ఉండే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె దాచుకుంటుంది. తలుపు మీదో సీటు పక్కనో కనిపించే 1, 2, 3 అంకెల మీటలు, వాటి పక్కన ‘సెట్’ లేదా ‘ఎం’ అని రాసిన మరో మీట దీనికి గుర్తులు. మన దేశంలో అమ్ముడయ్యే కార్లలో ఈ సదుపాయం ఉన్నా ఎక్కువగా డ్రైవర్ సీటుకే ఉంటుంది. పక్క సీటుకు మోటార్లు ఇచ్చిన కంపెనీల్లో కూడా చాలావరకు దానికి మెమరీ ఇవ్వకుండా వదిలేస్తాయి. ఆ లోటును కారు కొన్న తర్వాత ఎలా పూడ్చుకోవచ్చు, ఎక్కడ జాగ్రత్తపడాలి, ఎక్కడ ఆగిపోవాలి అన్నది ఈ వ్యాసంలో విషయం. దీన్ని హైదరాబాదు పాతబస్తీ నుంచి చూడటానికి బలమైన కారణం ఉంది. నడిపేవాడి సీటు కన్నా కూర్చునేవారి సీటుకే ఎక్కువ విలువ ఇచ్చి కారు కట్టించుకున్న చరిత్ర ఈ ఊరిది.

సింహాసనం ఉన్న కారు

చార్మినార్‌కు కొద్ది దూరంలో, ఖిల్వత్ దగ్గరి చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1911లో దీనికి ఆర్డర్ ఇచ్చారు. బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ సంస్థ. కారు ఊరు చేరకముందే, 1911 ఆగస్టు 29న, ఆయన కన్నుమూశారు. దాన్ని వాడింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఊరేగింపులకూ ఉత్సవాలకూ తప్ప బయటికి తీయకపోవడంతో ఆ కారు తిరిగిన దూరం చాలా తక్కువ. దీన్ని ‘థ్రోన్ కార్’ అంటారు. వెనక సీటును మిగతా సీట్ల కన్నా ఎత్తుగా, సింహాసనంలా కట్టడం వల్ల ఆ పేరు వచ్చింది. రోడ్డుకు రెండు పక్కలా నిలబడ్డ జనానికి ప్రభువు కనబడాలి, ప్రభువుకు జనం కనబడాలి. ఆ ఒక్క అవసరం చుట్టూ కారు మొత్తం తయారైంది. ఒక మనిషి కొలతకు ఒక సీటును శాశ్వతంగా బిగించడమంటే ఇదే. ఆ సీటులో మరొకరు కూర్చోవాల్సిన పని లేదు కాబట్టి దాన్ని జరపాల్సిన అవసరమూ రాలేదు.

మామూలు ఇంటి కారులో ఆ సౌకర్యం కుదరదు. శాలిబండలో గానీ మొగల్‌పురాలో గానీ యాకుత్‌పురాలో గానీ ఒక ఇంటికి ఒక కారు ఉంటే, దాని ఎడమ సీటులో పొద్దున బడికి వెళ్లే పదిహేనేళ్ల కుర్రాడు కూర్చుంటాడు, మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లే నాన్నమ్మ కూర్చుంటుంది, సాయంత్రం పెళ్లికి బయల్దేరే ఆరడుగుల బాబాయి కూర్చుంటాడు. నడిపేది మాత్రం రోజూ దాదాపు ఒకే మనిషి. మెమరీ అవసరం ఎక్కువగా ఉన్నది ఎడమ సీటుకే అనడానికి ఇంతకన్నా వేరే రుజువు అక్కర్లేదు. మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లకు సీటు నాలుగు వేళ్లు ఎత్తుగా, వెనక్కి జరిగి ఉంటే దిగడం తేలిక. ఎవరో కుర్రాడు కిందికి, ముందుకు జరిపి వదిలేసిన సీటులో నుంచి లేవడం వాళ్లకు నిజంగా బాధ. మన దేశంలో స్టీరింగు కుడివైపు ఉంటుంది కాబట్టి ప్రయాణికుడు దిగేది ఎడమవైపు, అంటే రోడ్డంచున. పాతబస్తీ గల్లీల్లో ఆ అంచున మోరీ ఉంటుంది, గుమ్మం మెట్లు ఉంటాయి, ఆపిన స్కూటర్లు ఉంటాయి. తలుపు సగమే తెరుచుకునే చోట సీటు సరైన స్థానంలో ఉండటం విలాసం కిందికి రాదు.

సీటు గుర్తుపెట్టుకోవడం ఎప్పుడు మొదలైంది

మెమరీ సీటు అమెరికాలో 1957లో మార్కెట్లోకి వచ్చింది. ఆ సంవత్సరం క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్‌లో, మెర్క్యురీ ‘సీట్-ఓ-మ్యాటిక్’లో, ఫోర్డ్ థండర్‌బర్డ్ ‘డయల్-ఓ-మ్యాటిక్’లో ఒకే ఆలోచన రకరకాలుగా కనబడింది. అప్పటికి కంప్యూటర్ చిప్పులు లేవు, మీటలూ రిలేలూ మోటార్లే ఆ పని చేశాయి. జర్మనీలో మెర్సిడెస్ బెంజ్ 1979 నాటి ఎస్-క్లాస్ తరం నుంచి సీటు ఆకారంలోనే చిన్న స్విచ్చును తలుపు మీద పెట్టడం మొదలుపెట్టింది. సీటులో ఏ భాగం కదలాలో స్విచ్చులో ఆ భాగాన్నే తోయాలి. చదువు రాని మనిషికి కూడా చూడగానే అర్థమయ్యే రూపం అది, ఇప్పటికీ ఎన్నో కంపెనీలు దాన్నే అనుసరిస్తున్నాయి. బాష్ సంస్థ 1986లో క్యాన్ అనే సమాచార మార్గాన్ని ప్రకటించాక కారులోని పెట్టెలన్నీ రెండు తీగల మీద మాట్లాడుకోవడం సాధ్యమైంది. తాళంచెవి ఎవరిదో గుర్తించి సీటు, అద్దాలు, స్టీరింగు ఒకేసారి సర్దుకోవడం ఆ తర్వాత వచ్చింది. మన దేశంలో ఒకప్పుడు విదేశీ ఖరీదైన కార్లకే పరిమితమైన ఈ సదుపాయం, 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 700 లాంటి బండ్లతో మధ్యతరగతి పైమెట్టుకు దిగింది. అందులోనూ అది డ్రైవర్ సీటుకే.

కంపెనీలు ఎడమ సీటును వదిలేయడానికి చెప్పే కారణం తీసిపారేయాల్సింది కాదు. డ్రైవర్ స్థానం మారితే అద్దాలు మారాలి, పెడళ్ల దూరం మారాలి, చూపు మారుతుంది. అంటే అది ప్రమాదాలకు సంబంధించిన విషయం. ప్రయాణికుడి స్థానం సౌకర్యానికి సంబంధించింది, పైగా కూర్చునే మనుషులు మారుతూ ఉంటారు. ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు ముందు కోత పడేది ఇక్కడే. కుటుంబంలో ముసలివాళ్లను ముందు సీటులో కూర్చోబెట్టే మన అలవాటు ఆ లెక్కలోకి రాలేదన్నది మాత్రం నిజం.

లోపల ఏం జరుగుతుంది

మోటారు సీటులో సాధారణంగా నాలుగు కదలికలు ఉంటాయి: ముందుకూ వెనక్కూ జరగడం, సీటు ముందు అంచు లేవడం, వెనక అంచు లేవడం, వీపు వాలడం. ఒక్కొక్క కదలికకు రెండు దిశలు కాబట్టి దీన్నే ‘ఎనిమిది విధాల సీటు’ అని అమ్ముతారు. ఒక్కొక్క దానికి 12 వోల్టుల డీసీ మోటారు ఒకటి, దాని చివర మరచుట్టు పళ్లచక్రం ఉంటాయి. ఆ పళ్లచక్రం మోటారు తిప్పితేనే తిరుగుతుంది, మనిషి బరువు పడ్డా వెనక్కి తిరగదు. కరెంటు లేకపోయినా సీటు ఉన్నచోటే నిలబడటానికి కారణం అదే.

మెమరీ లేని సీటులో ఈ మోటార్లకు రెండేసి తీగలు మాత్రమే వస్తాయి. స్విచ్చు ఒక వైపు నొక్కితే ప్లస్, మైనస్ ఒక తీరుగా, రెండో వైపు నొక్కితే తారుమారుగా వెళ్తాయి. సీటు ఎక్కడుందో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మెమరీ ఉన్న సీటులో మోటారుకు అదనపు తీగలుంటాయి. మోటారు ఇరుసు మీద చిన్న అయస్కాంతం, దాని పక్కన హాల్ సెన్సరు ఉంటాయి. ఇరుసు తిరిగినప్పుడల్లా సెన్సరు ఒక్కో విద్యుత్ స్పందన పంపుతుంది, పెట్టె వాటిని లెక్కబెడుతుంది. పాత కార్లలో ఈ పనిని రేడియో శబ్దం పెంచే మీట లాంటి పొటెన్షియోమీటర్ చేసేది. హాల్ సెన్సరు ఎంత దూరం కదిలిందో చెప్పగలదు గానీ ఎక్కడ మొదలైందో చెప్పలేదు. అందుకని కొత్తగా బిగించినప్పుడు ప్రతి మోటారునూ ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నడిపించి, హద్దులను పెట్టెకు నేర్పాలి. ఈ పని చేయకుండా ‘మెమరీ పనిచేయడం లేదు’ అని పెట్టెను తిప్పి పంపేవాళ్లు ఉంటారు.

ఇప్పుడొచ్చే పెట్టెల్లో స్థానాలు చెరిగిపోని మెమరీలో నిలుస్తాయి, బ్యాటరీ తీసినా పోవు. అయినా బ్యాటరీ తీసిన తర్వాత కొన్ని కార్లు హద్దులు మళ్లీ నేర్పమంటాయి.

ఎడమ సీటుకు అమర్చే దారులు

వీటిలో అన్నిటికన్నా నిలకడగా పనిచేసేది మొదటి దారి, కంపెనీ సామానుతో చేసేది. అదే మోడల్ కారు ఇంకో దేశంలో ఎడమ సీటుకు మెమరీతో అమ్ముడవుతూ ఉంటే ఆ సీటు, దాని పెట్టె, తలుపు స్విచ్చు, వాటి మధ్య తీగల కట్ట తెచ్చి బిగించవచ్చు. తర్వాత ఆ సంగతిని, కారు పెట్టెలతో మాట్లాడే స్కానర్‌తో కారుకు చెప్పాలి. కారు తయారైన రోజున అందులో ఏయే పరికరాలున్నాయో ఒక జాబితా దాని ప్రధాన పెట్టెలో రాసి ఉంటుంది. ఆ జాబితాలో ఎడమ మెమరీ సీటును చేర్చకపోతే కొత్త పెట్టె కరెంటు అందుకున్నా మౌనంగా కూర్చుంటుంది. ఇలా జాబితాలో చేర్చడాన్నే కోడింగ్ అంటారు. తీగలు కలపడం వచ్చినంత మాత్రాన ఈ పని రాదు, దానికి ఆ కంపెనీ స్కానర్ వాడగలిగే మనిషి వేరే కావాలి.

రెండో దారి తెలివైనదే, అక్కడే ఎక్కువమంది పొరబడతారు. గల్ఫ్ దేశాల్లో, అమెరికాలో, ఐరోపాలో ఎక్కువ భాగం స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. అక్కడి డ్రైవర్ సీటు మన కారులో ఎడమ సీటు ఉండే చోటే ఉంటుంది. పట్టాలు సరిపోతాయి, బోల్టుల రంధ్రాలు సరిపోతాయి, స్విచ్చులు తలుపు వైపే వస్తాయి, సీటుబెల్టు తాళం మధ్య వైపే వస్తుంది. పైగా డ్రైవర్ సీటు కాబట్టి మెమరీ ఉంటుంది. పాతబస్తీలో దుబాయి, జెద్దా, కువైట్‌లతో రాకపోకలు లేని వీధి దాదాపు లేదు. అక్కడున్న చుట్టాల ద్వారా అలాంటి సీటు తెప్పించుకుంటే బాగుంటుందన్న ఆలోచన రావడం సహజం. వాడిన విడిభాగాల దిగుమతికి అనుమతులు అవసరమన్న సంగతి పక్కన పెట్టి, సీటు చేతికి వచ్చిందనే అనుకుందాం. అప్పుడు రెండు చిక్కులు మిగులుతాయి.

మొదటిది, ఆ సీటు పెట్టె తనను తాను డ్రైవర్ సీటుగా భావిస్తుంది. కారు సమాచార మార్గం మీద డ్రైవర్ సీటు పేరుతోనే మాట్లాడుతుంది. ఒకే పేరుతో రెండు పెట్టెలు ఉంటే డ్రైవర్ తన మీట నొక్కినప్పుడు రెండు సీట్లూ కదలవచ్చు, లేదా కారు తప్పు సంకేతం చూపించవచ్చు. సమాచార తీగ కలపకుండా కరెంటు మాత్రమే ఇస్తే కొన్ని పెట్టెలు విడిగా పనిచేస్తాయి, కొన్ని అసలు మేలుకోవు.

రెండో చిక్కు ప్రాణాలకు సంబంధించింది. డ్రైవర్ సీటులో మనిషి ఎప్పుడూ ఉంటాడు, లేకుండా కారు నడవదు. అందువల్ల ఆ సీటు గద్దీలో ‘ఎవరైనా కూర్చున్నారా’ అని చూసే సెన్సరు సాధారణంగా ఉండదు. ప్రయాణికుడి సీటులో ఉంటుంది. మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారైన కార్లలో డ్రైవర్‌తో పాటు ముందు ప్రయాణికుడికీ సీటుబెల్టు హెచ్చరిక తప్పనిసరి అయింది. ఎడమ సీటులో మనిషి ఉన్నాడో లేడో తెలుసుకోవడానికి గద్దీ పైపొర కింద పలచని సెన్సరు చాప పరుస్తారు. కొన్ని విదేశీ మోడళ్లలో కూర్చున్నది పెద్దవారా, పిల్లలా అని బరువును బట్టి చూసి ఎయిర్‌బ్యాగును ఆపే ఏర్పాటు కూడా ఆ సీటులోనే ఉంటుంది. విదేశీ డ్రైవర్ సీటును తెచ్చి ఎడమవైపు పెట్టిన రోజున ఇవన్నీ పోతాయి. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. దాన్ని ఆర్పడానికి తీగ మధ్యలో రెసిస్టర్ పెట్టి కారును నమ్మించే పద్ధతి ఒకటి మెకానిక్కుల్లో తిరుగుతోంది. అది ఎవరూ చేయకూడని పని, చేయించుకోకూడని పని. మెమరీ మీట వచ్చింది కదా అని ప్రాణరక్షణ వ్యవస్థకు అబద్ధం చెప్పించడం ఏ సౌకర్యానికీ తగిన ధర కాదు. సరైన పని ఏమిటంటే, పాత ఎడమ సీటు గద్దీని, దాని సెన్సరు చాపతో సహా, కొత్త చట్రం మీదికి మార్చడం, కుదరకపోతే ఆ ఆలోచనే మానుకోవడం.

మూడో దారి, ఉన్న సీటును అలాగే ఉంచి బయటి పెట్టె ఒకటి జోడించడం. స్విచ్చుకూ మోటార్లకూ మధ్య ఒక నియంత్రణ పెట్టె వస్తుంది. మామూలు స్విచ్చు ఎప్పటిలాగే పనిచేస్తుంది, అదనంగా మెమరీ మీటలు వస్తాయి. ఇక్కడ అసలు ప్రశ్న మోటారు స్థానాన్ని తెలుసుకోవడం ఎలా అన్నది. ఎడమ సీటు మోటార్లలో హాల్ సెన్సరు లేకపోతే మూడు మార్గాలున్నాయి. డ్రైవర్ సీటులో వాడే సెన్సరున్న మోటార్లను తెచ్చి మార్చవచ్చు. లేదా మోటారు తిరిగేటప్పుడు దాని కరెంటులో వచ్చే సన్నని ఒడిదుడుకులను లెక్కబెట్టే పెట్టె వాడవచ్చు. కొన్ని కార్ల కంపెనీలు కూడా అద్దాలకూ సీట్లకూ ఈ పద్ధతి వాడుతున్నాయి. మూడోది, చౌక పెట్టెల్లో కనిపించేది, మోటారు ఎన్ని సెకన్లు నడిచిందో కాలాన్ని కొలవడం. ఇది నమ్మదగినది కాదు. ఇంజను ఆగినప్పుడు 12 వోల్టులు, నడుస్తున్నప్పుడు దాదాపు 14 వోల్టులు ఉంటాయి కాబట్టి మోటారు వేగం మారుతుంది. నలభై కిలోల అమ్మాయి కూర్చున్నప్పుడూ తొంభై కిలోల మనిషి కూర్చున్నప్పుడూ సీటు ఒకే వేగంతో లేవదు. ఒక్కో వాడకానికి కొంచెం కొంచెం తేడా పేరుకుని, కొన్ని వారాల్లో ‘1’ అనే స్థానం ఎక్కడికో జరిగిపోతుంది.

స్వయంగా చేసుకోవాలనుకునే ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు ఆర్డినో లాంటి చిన్న బోర్డు, మోటారు దిశ మార్చే రిలేలు, కరెంటు కొలిచే సెన్సరు సరిపోతాయి. ఈ సామానంతా మూసీ అవతల కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. సరదాగా టేబుల్ మీద నడిపించడం సులువే. కారులో ఉంచదగ్గ పెట్టె చేయడం వేరు: వేసవిలో మూసిన కారు లోపలి వేడి, అదుర్లు, ఇంజను స్టార్టయ్యేటప్పుడు ఒక్కసారిగా పడిపోయే వోల్టేజీ, వీటన్నిటికీ తట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, పెట్టె చెడిపోయినప్పుడు సీటు కదలకుండా ఆగిపోవాలి గానీ తనంతట తాను నడవకూడదు.

తప్పనిసరి కట్టుబాట్లు

ఏ దారిలో చేసినా కొన్ని విషయాల్లో రాజీ ఉండకూడదు. కారు కదులుతున్నప్పుడు మెమరీ మీట పనిచేయకూడదు. ఎడమ సీటు విషయంలో ఒకసారి నొక్కి వదిలేస్తే నడిచే పద్ధతి వద్దు, నొక్కి పట్టుకున్నంతసేపే కదలాలి. డ్రైవర్ సీటు వెనక కన్నా ఎడమ సీటు వెనక పిల్లలు ఎక్కువగా ఇరుక్కుని కూర్చుంటారు, వాళ్ల మోకాళ్లు ఆ సీటుకు ఆనుకునే ఉంటాయి. ఏదైనా అడ్డం తగిలితే మోటారు కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది, పెట్టె దాన్ని పసిగట్టి వెంటనే ఆపాలి. మోటార్లకు ఫ్యూజు బాక్సు నుంచి విడి ఫ్యూజుతో, తగినంత మందం ఉన్న తీగతో కరెంటు తేవాలి. సిగరెట్ లైటర్ తీగ నుంచి తీసుకోవడం కారు తగలబడటానికి దారి. ఎర్త్ తీగను రంగు గీకిన శుభ్రమైన లోహానికే బిగించాలి. సీటు కింద తీగలు పట్టాల దారికి దూరంగా, సీటు చివరిదాకా జరిగినా లాగకుండా వదులుగా ఉండాలి.

సీటు బయటికి తీయాల్సి వస్తే మరింత జాగ్రత్త కావాలి. సీటు పక్కభాగంలో సైడ్ ఎయిర్‌బ్యాగు, బెల్టు తాళంలో బిగింపు పరికరం ఉండవచ్చు. రెండూ మందుగుండుతో పనిచేసేవి. వాటి కప్లర్లు పసుపు రంగులో ఉంటాయి. ముందు బ్యాటరీ తీగ విప్పి, కారు పుస్తకంలో చెప్పినంతసేపు ఆగి, ఆ తర్వాతే పసుపు కప్లర్లను తాకాలి. అవి విడిగా ఉన్నప్పుడు తాళం ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగు లోపాన్ని కారు నమోదు చేసుకుంటుంది, దాన్ని స్కానర్‌తోనే తుడవాలి. మోటారు సీటు బరువు ముప్పై కిలోల దాకా ఉంటుంది, ఒక్కరే ఎత్తబోతే నడుము పట్టేస్తుంది, తలుపు అంచు గీసుకుపోతుంది. తిరిగి బిగించేటప్పుడు బోల్టులను టార్క్ రెంచితో, కంపెనీ చెప్పిన బిగువుకే బిగించాలి. ఢీకొన్నప్పుడు సీటును పట్టి ఉంచేది ఆ నాలుగు బోల్టులే.

ఎయిర్‌బ్యాగుకు ఎదురుగా స్థానాలను నిల్వ చేసుకోవడంలోనూ నియమం ఉంది. ఛాతీకీ ఎయిర్‌బ్యాగు మూతకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ సలహా. 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త మోడళ్లకు ముందు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది కాబట్టి ఈ మాట ఇక్కడా వర్తిస్తుంది. నాన్నమ్మ కోసం పెట్టుకునే స్థానం దిగడానికి ఒకటి, ప్రయాణానికి ఒకటి అని రెండుగా ఉండటం మంచిది. అలాగే వీపును మరీ వాల్చిన స్థానాన్ని నిల్వ చేయకూడదు. వాలిపోయి కూర్చున్న మనిషి ఢీకొన్నప్పుడు బెల్టు కిందినుంచి జారిపోతాడు.

పాతబస్తీ, దాని చుట్టుపక్కల పనివాళ్లు

కారు అలంకరణ, విడిభాగాల వ్యాపారం అసలు పాతబస్తీకి మూసీ అవతలి ఒడ్డున ఎక్కువగా చేరింది. నయాపూల్ వంతెన దాటి అఫ్జల్‌గంజ్ మీదుగా వెళ్తే పుత్లీబౌలి, జాంబాగ్‌లలో సీటు కవర్లు, స్టీరియోలు, కెమెరాలు అమర్చే దుకాణాలు, గోషామహల్ వైపు పాత బండ్ల సామాను దొరుకుతాయి. పని చేసే చేతులు మాత్రం చాలావరకు నది ఇవతలివే. ఈ వాడల్లో పెద్ద పనివాణ్ణి ఉస్తాద్ అంటారు, అతని దగ్గర చిన్నప్పుడే చేరిన కుర్రాళ్లు చూసి నేర్చుకుంటారు. సీటు గద్దీ కుట్టే మనిషి, వైరింగ్ చూసే ఎలక్ట్రీషియన్, డెంటింగ్ చేసే మనిషి వేర్వేరు. ఎడమ మెమరీ సీటు పనికి మొదటి ఇద్దరూ కావాలి, వాళ్లతో పాటు స్కానర్ తెలిసిన మూడో మనిషీ కావాలి. ముగ్గురూ ఒకే చోట దొరకడం అరుదు. మంచి కవరు కుట్టే మనిషి సైడ్ ఎయిర్‌బ్యాగు బయటికి వచ్చే చోట కుట్టును తెగేలా బలహీనంగా వదులుతాడు. ఆ సంగతి తెలియనివాడు గట్టి రెక్సిన్‌తో చుట్టూ బిగించేస్తాడు, అవసరమైన రోజున ఎయిర్‌బ్యాగు తెరుచుకోదు.

ఈ ప్రాంతపు చేతిపనికి అందరూ చూడగల సాక్ష్యం బహదూర్‌పురాలో, నెహ్రూ జంతు ప్రదర్శనశాల దగ్గర 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియం. దాన్ని నెలకొల్పిన కె. సుధాకర్ కార్లను వంకాయ, క్రికెట్ బంతి, బర్గర్, ఎత్తుమడమ చెప్పు ఆకారాల్లో తయారు చేశారు. అవి బొమ్మలు కావు, నడుస్తాయి. చాలావరకు పాత సామాను నుంచి పుట్టినవే. ఆయన 2005లో చేసిన 41 అడుగులకు పైగా ఎత్తున్న మూడుచక్రాల సైకిల్ గిన్నిస్ రికార్డుకెక్కింది. దొరికిన మోటారును, దొరికిన చట్రాన్ని ఒకదానికొకటి ఒప్పించే ఈ నేర్పు మెమరీ సీటు పనికీ మూలధనమే. దానికి తోడు కావాల్సింది ఎయిర్‌బ్యాగులు, సమాచార మార్గాల గురించిన చదువు. అది గల్లీ దుకాణంలో చూసి నేర్చుకునేది కాదు. పాతబస్తీ ఐటీఐలూ పాలిటెక్నిక్కూ ఇప్పటికే దుకాణాల్లో పనిచేస్తున్న కుర్రాళ్లకు సాయంత్రపు పూట చిన్న కోర్సులు పెడితే వెంటనే అక్కరకొస్తుంది.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్ణయించిన దానికి భిన్నంగా రిజిస్ట్రేషన్ వివరాలు మారేలా యజమాని బండిని మార్చకూడదు. అదే సెక్షన్ ‘మార్పు’ అంటే బండి మౌలిక స్వభావాన్ని మార్చే నిర్మాణ మార్పు అని వివరిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా అన్వయించి తీర్పు ఇచ్చింది. అదే ఏడాది సవరణతో మారిన 182ఏ సెక్షన్, అనుమతి లేని భాగాలు అమర్చి బండిని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. సీట్ల సంఖ్య, చోటు, బెల్టు, ఎయిర్‌బ్యాగు తాకకుండా స్విచ్చుకూ మోటారుకూ మధ్య పెట్టె చేర్చడం రిజిస్ట్రేషన్ వివరాలను మార్చదు. సీటు చట్రాన్నీ పట్టాలనూ మార్చడం అంత నిశ్చింతగా చెప్పగలిగింది కాదు, ముందుగా రవాణా అధికారిని రాతపూర్వకంగా అడగడం మేలు. శారీరక వైకల్యం ఉన్నవారి కోసం బండిని మలచుకోవడానికి చట్టంలో వేరే దారి ఉంది, అటువంటి అవసరం ఉంటే ఆ దారిలోనే వెళ్లాలి.

కొత్తగా అమర్చిన ఎలక్ట్రికల్ పరికరాన్ని బీమా కంపెనీకి చెప్పి, అదనపు ప్రీమియం కట్టి పాలసీలో రాయించుకోవాలి. చెప్పకుండా వదిలేస్తే ఆ పరికరానికి పరిహారం రాదు, తీగల వల్ల మంట పుడితే మొత్తం క్లెయిమే వివాదంలో పడవచ్చు. వారంటీ ఉన్న కారులో తీగ కోసినట్టు తేలితే ఆ భాగపు వారంటీని కంపెనీ నిరాకరిస్తుంది. కప్లర్‌కు కప్లర్ జోడించి, అసలు తీగ కోయకుండా చేసిన పని అందుకే మంచిది. అమ్మేటప్పుడు విప్పేసి కారును మొదటి స్థితికి తేవచ్చు కూడా.

చేయించుకోబోయేవారికి

ఎడమ సీటుకు ఇప్పటికే మోటార్లున్న కారయితే బయటి పెట్టె జోడించే దారి చాలు, అదే క్షేమం. మోటార్లే లేని సీటుకు మొదలుపెట్టి మెమరీ దాకా వెళ్లడం డబ్బుకూ శ్రమకూ తగిన ఫలితం ఇవ్వదు. ఇంట్లో పెద్దవాళ్ల కోసమే అయితే, తిరిగే గద్దీ ఒకటి, తలుపు దగ్గర పట్టుకోవడానికి గట్టి పిడి ఒకటి ముందు చూడండి. పని అయ్యాక డబ్బు చెల్లించే ముందు తాళం ఆన్ చేసి డ్యాష్‌బోర్డు చూడండి: ఎయిర్‌బ్యాగు దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. తర్వాత ఎడమ సీటులో ఒకరిని కూర్చోబెట్టి, బెల్టు పెట్టుకోకుండా ఉండమని, కారును ఖాళీ చోట నెమ్మదిగా నడపండి. హెచ్చరిక మోగాలి. ఆ దీపం ఆరకపోయినా, అసలు వెలగకపోయినా, ఆ హెచ్చరిక మోగకపోయినా పని పూర్తి కానట్టే. కారును అక్కడినుంచి తీసుకెళ్లకండి.